ఛాయాచిత్ర రచన – ప్రారంభకులకు కొన్ని పాఠాలు

కెమెరా ఒకప్పుడు స్టూడియో యజమాని వద్ద మాత్రమే కనిపించే వస్తువు. నేడు అది సెల్‌ఫోన్ రూపంలో దాదాపు ప్రతి విద్యార్థి చేతిలో ఉన్నది. అయినను మంచి చిత్రాలు ఆ మేరకు పెరగలేదు. మీట నొక్కడం సులభమైనది గాని, నొక్కే ముందు ఆలోచించడం అలవాటు కాలేదు. చట్రంలో దేనిని ఉంచవలెనో, దేనిని విడువవలెనో నిర్ణయించడమే ఛాయాచిత్ర రచన.

ఈ కళకు హైదరాబాదు రాజ్యంలో ఘనమైన చరిత్ర ఉన్నది. రాజా దీన్‌దయాళ్ (1844–1905) ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు. నిజాం ఆయనను ‘ముసవ్విర్ జంగ్’ బిరుదుతో గౌరవించినాడు. ఉర్దూలో ముసవ్విర్ అనగా చిత్రకారుడు. ఆనాడు బొమ్మ గాజుపలక మీద పడేది. పలక పాడైతే ఖర్చు, శ్రమ రెండూ వృథా. కనుక నిలబడే చోటును, వెలుగును ముందే ఎంచుకొనవలసి వచ్చేది. గాజుపలకలు పోయినను ఆ క్రమశిక్షణ పోరాదు.

1. ఒక చిత్రానికి ఒకే విషయం: గోదావరిఖని చౌరస్తాలో చాయ్ పోసే వానిని తీయదలిస్తే ఆటోలు, దుకాణాల బోర్డులు, జనం అంతా ఎందుకు? రెండడుగులు దగ్గరకు పోతే చాలు.

2. స్థానం: చట్రాన్ని అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసినట్లు ఊహించి, ముఖ్య విషయాన్ని ఆ గీతలు కలిసే చోట ఉంచవలెను. ఈ మూడో వంతు సూత్రాన్ని ఆంగ్ల చిత్రకారుడు జాన్ థామస్ స్మిత్ 1797లోనే వివరించినాడు. గోదావరి ఒడ్డున నది ముఖ్యమైతే ఆకాశానికి పై మూడో వంతు చాలు. మబ్బులు ముఖ్యమైతే నదికి కింది మూడో వంతు చాలు.

3. వెనుక దృశ్యం: రామగుండంలో మిత్రుని తల మీదుగా విద్యుత్ కేంద్రపు పొగగొట్టం మొలిచినట్లు చిత్రం వస్తుంది. ఒక అడుగు పక్కకు జరిగితే ఆ దోషం తొలగును.

4. కొలత: ఓపెన్‌కాస్ట్ మట్టిగుట్టను ఒంటరిగా తీస్తే దాని ఎత్తు తెలియదు. ముందరి బాటలో నడిచే మనిషి ఉంటే తెలియును.

5. వెలుగు: బొగ్గుతో చట్రం నిండితే కెమెరా దానిని బూడిదరంగుగా మార్చును, అప్పుడు వెలుగును కొంత తగ్గించవలెను. ఆకాశం ఎదుట నిలిచిన మనిషి ముఖం నల్లబడును. తెర మీద ముఖాన్ని తాకి వెలుగును సరిచేయవలెను. ఉదయపు ఏటవాలు ఎండలో ముఖపు ముడుతలు, బొగ్గు గరుకుదనం స్పష్టపడును.

నియమాలన్నిటికన్న ముందు అనుమతి. గనిలో మండే వాయువు ఉండవచ్చును గనుక అగ్గిపెట్టె వలెనే సెల్‌ఫోన్‌నూ లోనికి తీసికొనిపోరాదు. గని ఆవరణలోనూ అధికారుల అనుమతి కావలెను. మనుషుల విషయంలోనూ అంతే. పరదా పాటించే స్త్రీల కొరకు దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీలే నడిపే జనానా స్టూడియో తెరిచినాడు. ఎదుటివారి మర్యాద నిలిపిన తరువాతనే చిత్రం.

మన ఇండ్ల గోడల మీద పెండ్లి ఫొటోలు ఉన్నవి. తండ్రులు, తాతలు పని బట్టలలో ఉన్న ఫొటోలు అరుదు. తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన తరం నేడు విశ్రాంతిలో ఉన్నది. ఈ సెలవులలో మనలో ప్రతి ఒక్కరం అట్టి ఒక పెద్దమనిషిని అడిగి, కిటికీ పక్కన కూర్చుండబెట్టి, ఆయన ముఖాన్ని, చేతులను చిత్రించుదము. చిత్రం వెనుక పేరు, గని, పనిచేసిన సంవత్సరాలు వ్రాయుదము. పేరు లేని ఫొటో రెండు తరాలకే అపరిచితమగును.