పదకొండు డ్రాలు

తెనాలి,
ఆదివారం ఉదయం.

రవీ,

నిన్న రాత్రి మీ అమ్మ బాపట్ల నుంచి ఫోన్ చేసింది. మోకాళ్ల నొప్పులతో మొదలెట్టి, పక్కింటివాళ్ల పెళ్లి మీదుగా తిరిగి తిరిగి చివరికి అసలు మాటకొచ్చింది. బడి ఫుట్‌బాల్ జట్టు నావల్ల కాదని హెడ్మాస్టరుగారికి చెప్పేశావట. వచ్చే ఏడాది కబడ్డీ, వాలీబాల్ చూసుకుంటే చాలంటున్నావట. నిజమో, సగం విని సగం కలిపిందో తెలీదు, అది చిన్నప్పటి నుంచీ అంతే. కానీ మొన్న వాట్సాప్‌లో నువ్వు పంపిన స్కోర్ల పట్టీ చూశాక నిజమే అయ్యుంటుందనిపించింది. ఫోన్లో వేలితో పొడుస్తూ రాయడం నాకు చాతకాదు గనక కాగితం తీశాను. "వాడికి ఇరవై ఏడేళ్లు, వాడి ఉద్యోగం వాడు చేసుకుంటాడు, ఉపన్యాసం దంచకండి" అని మీ అత్తయ్య వంటింట్లోంచి కేకేస్తోంది. దంచనన్నాను. నువ్వు మాత్రం కాస్త తీరిగ్గా కూర్చుని చదువు.

ముందు ఆ పట్టీ సంగతి. ఆరు-సున్నా, నాలుగు-సున్నా, మూడు-ఒకటి, రెండు-ఒకటి, తర్వాత ఒకటి-ఒకటి, సున్నా-సున్నా, చివర్న ఒకటి-సున్నా. కింద "ఒక్కటీ గెలవలేదు మావయ్యా" అని రాసి ఏడుపు బొమ్మ పెట్టావు. ఏరా, లెక్కల్లో నీకెప్పుడూ మంచి మార్కులేగా వచ్చేవి? మొదట్లో ఆరు గోల్స్ తిన్న పిల్లలు చివరి మూడు ఆటల్లో దేంట్లోనూ ఒక్క గోల్‌కి మించి తినలేదు. పాత జట్టులో సగంమంది పదో తరగతి అయిపోయి వెళ్లిపోయారనీ, నువ్వొచ్చేసరికి మిగిలింది పెనుమూడి నుంచి సైకిళ్ల మీద వచ్చే ముగ్గురూ, ఆ పొడుగు గోల్‌కీపరూ అనీ నువ్వే చెప్పావు. నాటేసిన మర్నాడు గట్టున కూర్చుని ఇంకా ఈనలేదేమని ఏడ్చేవాణ్ణి మీ తాతయ్య ఏమనేవాడో నీకు తెలుసు, ఇక్కడ రాయను.

కరోనా ఏడాది నువ్వు మా ఇంట్లో ఇరుక్కుపోయి సాయంత్రం కాగానే టీవీ ముందు కూలబడేవాడివి. అప్పుడు మనం చూసిన హైదరాబాద్ ఎఫ్‌సీని ఓసారి తలుచుకో. పుణె జట్టు మూతబడితే దాని స్థానంలో 2019లో పుట్టిన క్లబ్బు. ఇండియన్ సూపర్ లీగ్‌లో మొదటి మ్యాచ్‌లోనే కోల్‌కతాలో ఏటీకే అయిదు గోల్స్ కొట్టి పంపింది. సీజన్ మొత్తంలో 18 ఆటలు ఆడితే గెలిచింది రెండు, ఓడింది 12, ఇచ్చిన గోల్స్ 39. అట్టడుగున నిలబడ్డారు. ఇంగ్లండు నుంచి వచ్చిన కోచ్ ఫిల్ బ్రౌన్ జనవరి దాటకుండానే వెళ్లిపోయాడు. సరే, ఆల్బర్ట్ రోకా వచ్చి ఇల్లు చక్కబెడతాడనుకుంటే ఆయన్ని బార్సిలోనావాళ్లు పిలుచుకుపోయారు. అలాంటి జట్టుని 2020 ఆగస్టు చివర్లో, సీజన్ ఇంకో మూడు నెలలు కూడా లేదనగా, కొత్త కోచ్ మనోలో మార్కెజ్ చేతిలో పెట్టారు. ఆడాల్సింది సొంతూళ్లో కాదు, గోవాలో, బయో బబుల్లో, ఖాళీ స్టేడియాల్లో. గచ్చిబౌలిలో ఒక్క ఆట లేదు, ఒక్క ఈల లేదు.

ఆయన వచ్చి ఏం చేశాడో నువ్వే చూశావు. పంతొమ్మిదేళ్ల ఆకాశ్ మిశ్రాని ఎడమ బ్యాకులో, ఆశిష్ రాయ్‌ని కుడి బ్యాకులో నిలబెట్టి దాదాపు ప్రతి ఆటలోనూ వాళ్లనే దింపాడు. లిస్టన్ కొలాసోకి, మణిపూర్ కుర్రాడు యాసిర్‌కి చోటిచ్చాడు. డిసెంబరులో వరసగా మూడు ఓడిపోయారు. అందులో మూడోది గోవా జట్టుతో. ముందు గోల్ వేసింది మనవాళ్లే, ఆట ముగియబోతుండగా రెండు గోల్స్ ఇచ్చేశారు. నువ్వు రిమోట్ సోఫాలోకి విసిరి మేడెక్కి పడుకున్నావు, అన్నానికి కూడా దిగలేదు. కొత్త కోచ్ ఆ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి అనుభవం ఉన్నవాళ్లను తెచ్చుకుంటాడని నేనూ అనుకున్నాను. తెచ్చుకోలేదు. జనవరి 4న చెన్నైయిన్‌ని 4-1తో కొట్టారు. అక్కణ్ణుంచి సీజన్ అయ్యేదాకా 12 ఆటల్లో ఒక్కటీ ఓడలేదు.

ఓడలేదంటే గెలిచారని కాదు. 20 ఆటల్లో 11 డ్రాలు! "ఇదేం జట్టు మావయ్యా, గెలవదు, ఓడదు" అని నువ్వు విసుక్కునేవాడివి. నాకు మాత్రం ఆ డ్రాలే ముద్దొచ్చేవి. 39 ఇచ్చిన జట్టు ఆ ఏడాది ఇచ్చింది 19 గోల్స్. మొదటి ఏడాది కోచ్ నేర్పగలిగింది అదే, బంతి పోయినప్పుడు ఎవడెక్కడ నిలబడాలో. అది వచ్చాక గెలవడం నేర్పొచ్చు. ముందు అది రాకపోతే రెండోది ఎన్నాళ్లు మొత్తుకున్నా రాదు. ఫిబ్రవరి 28న ఆఖరి ఆట మళ్లీ గోవాతోనే, గెలిస్తే నాలుగో స్థానం, సెమీస్. సున్నా-సున్నా. 29 పాయింట్లతో అయిదో స్థానంలో ఆగిపోయారు. ఆ మరుసటి ఏడాది కప్పు కొట్టారు, 2022 మార్చి 20న ఫటోర్డాలో గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ కథ అందరూ చెప్తారు, ఓగ్‌బెచే 18 గోల్స్ గురించీ చెప్తారు. అయిదో స్థానం ఏడాది మాట ఎత్తేవాళ్లు ఎవరూ కనపడరు. నీది ఇప్పుడు ఆ ఏడాదేరా అబ్బాయ్, ఇంకా చెప్పాలంటే దానికి ముందు నెలలు.

తింటున్నావా సరిగ్గా? ఆ మెస్సులో సాంబారు నీళ్లలా ఉంటుందని మీ అమ్మ బెంగ. మొన్నటి దగ్గు తగ్గిందా? ఎండలో టోపీ లేకుండా నిలబడొద్దు. పిల్లలతోపాటు నువ్వూ పరిగెత్తడం మంచిదే గానీ చెమట మీద చల్లనీళ్లు తాగకు.

ఇక నేను అసలు రాయాలనుకున్నది. ఎడమ కాలు.

నవ్వకు. నువ్వు పంపిన వీడియో మీ అత్తయ్య ఫోన్లో పెద్దగా చేసి చూశాను. నీ లెఫ్ట్ వింగు కుర్రాడు, ఆ పచ్చ బనీనువాడు, గీత పక్కన బంతి పట్టుకుని బాగానే పరిగెడుతున్నాడు. కార్నర్ దగ్గరికి రాగానే ఆగుతాడు. ఆగి, బంతిని కుడికాలి మీదకి తెచ్చుకోవడానికి ఒళ్లు సగం తిప్పుతాడు. ఈలోపు బ్యాకు వచ్చేస్తాడు. ప్రతిసారీ అంతే. నీ బ్యాకులూ అంతే, ఒత్తిడి రాగానే కుడికాలి కోసం వెతుక్కుంటారు, బంతి అవతలివాడి కాళ్లలో పడుతుంది. ఆ ఆరు గోల్స్‌లో సగం అలాగే వచ్చాయని పందెం కడతాను. మన ఊళ్లలో ఎడమ చేత్తో బలపం పడితేనే వేళ్ల మీద కొడతాం, ఎడమ కాలికి మర్యాద ఎవడిస్తాడు!

నేను బాపట్లలో చదివే రోజుల్లో మా ఆటల మేస్టారు పీడీగారు హైదరాబాదు ఆట చూసొచ్చిన మనిషి. ఆయన నోట రహీం సాహెబ్ పేరు రాని రోజు లేదు. నువ్వు "మైదాన్" సినిమా చూసి ఏడ్చానన్నావుగా, ఆ సయ్యద్ అబ్దుల్ రహీమే. సినిమాలో ఏం చూపించారో గానీ ఆయనా నీలాంటి బడిపంతులే, హైదరాబాదులో పిల్లలకు పాఠాలు చెప్పినవాడే. హైదరాబాదులో ఆయన విచిత్రమైన పోటీలు పెట్టించేవాడు. ఒక టోర్నమెంటులో డ్రిబ్లింగ్ చెయ్యకూడదు, ఇంకో దాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా 10-1తో కొట్టి పంపిన జట్టుకి కోచ్ ఆయనే. మనవాళ్లు చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. ఇంటికొచ్చి ఊరుకోలేదు, బూట్లు తొడిగించి మళ్లీ మొదలుపెట్టాడు. 1956 మెల్బోర్న్‌లో నాలుగో స్థానం. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి ఆట కొరియాతో 2-0తో ఓడి, ఫైనల్లో అదే కొరియాని 2-1తో కొట్టి బంగారం. అప్పటికే ఆయన ఊపిరితిత్తుల్ని కాన్సర్ తినేస్తోంది, 1963 జూన్‌లో పోయాడు. పది గోల్స్‌కీ బంగారానికీ మధ్య పదేళ్లు. నువ్వు ఒక్క వర్షాకాలానికే చేతులెత్తేస్తున్నావు.

మా పీడీగారు ఏం చేసేవారంటే, కుడి బూటు విప్పించి గట్టున పెట్టించేవారు. ఎడమ కాలికి బూటు, కుడికాలు ఉత్తిది. ఉత్త కాలితో తోలుబంతిని తన్నితే నొప్పి, కాబట్టి బుద్ధిగా ఎడమతో తన్నేవాళ్లం. ఓసారి ఇక్కడ తెనాలిలో ఆడుతుంటే బంతి పోయి కాలవలో పడింది. గేదెల్ని కడుగుతున్న కుర్రాడొకడు ఈది పట్టుకొచ్చి, ఒడ్డున నిలబడి ఎడమకాలితో ఒక్క తన్ను తన్నాడు, బంతి సరిగ్గా సెంటర్లో పడింది. పీడీగారు వాడి వెంటపడి ఊరూ పేరూ కనుక్కుని, వాళ్ల నాన్నని బతిమాలి, రెండో నెలకి జట్టులో పెట్టారు. వాడికి ఎడమ తప్ప కుడి లేదు, అది వేరే తిప్పలు. తర్వాత రైల్వేలో చేరి ఖాజీపేట వెళ్లాడు. సరే, నువ్వు చెయ్యాల్సింది చెప్తాను. ఆట మొదలెట్టే ముందు పావుగంట, బడి గోడకి ఎడమకాలితో, పాదం లోపలి పక్కతో కొట్టించు. కుడికాలు బంతి పక్కన స్థిరంగా ఆనిందో లేదో చూడు, పిల్లలు అక్కడే తప్పుతారు, తన్నే కాలి మీద కాదు. వారానికోసారి రెండు జట్లు చేసి ఎడమకాలి గోల్‌కే లెక్క అని ఆడించు. మొదటి నెల నవ్వులపాలవుతుంది. హెడ్మాస్టరుగారు కిటికీలోంచి చూసి ఇదేం ఆటయ్యా అంటారు. అననీ.

ఓటమి సంగతి నాకూ తెలుసు. నేను బడిలో ఉద్యోగానికి చేరిన కొత్తల్లో, 1977 నవంబరు 19న ఉప్పెనొచ్చింది. దివిసీమ పేరే జనానికి గుర్తు గానీ కృష్ణకి ఇవతల మీ రేపల్లె వైపు ఏమైందో మీ అమ్మమ్మ చెప్తుంటే విన్నావు. మా బడి ఆటస్థలం నిండా బియ్యం బస్తాలు, దుప్పట్ల మూటలు. బంతి ఎక్కడుందో కూడా నేను చూడలేదు. సంక్రాంతి దాటాక ఒక సాయంత్రం పిల్లలే వచ్చి "మేస్టారూ, బంతి ఇస్తారా" అన్నారు. ఇద్దరు లేరు. వాళ్ల మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ పై ఏడాది బడుల మధ్య జరిగే గ్రిగ్ ఆటల్లో చిత్తుగా ఓడిపోయాం. నాకు గుర్తున్నది స్కోరు కాదు, పిల్లలు ఆ వానలో ఆట అయ్యేదాకా ఆగకుండా పరిగెత్తడం. నీ పిల్లలు ఆరు గోల్స్ తిన్న మర్నాడు ఆటస్థలానికి వచ్చారా రాలేదా? నాకా జవాబు కావాలి. నీ పట్టీలో ఆ గడి లేదు.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. నువ్వు కష్టపడి కట్టినదాన్ని ఇంకెవరో కూలగొట్టొచ్చు. హైదరాబాద్ ఎఫ్‌సీనే చూడు. మార్కెజ్ వెళ్లిపోయాక జీతాలందక ఆటగాళ్లు చెల్లాచెదురయ్యారు, 2023-24లో 22 ఆటలకి ఒక్కటి గెలిచారు. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మారిపోయింది. నాకు కోపం వచ్చింది, ఇంకా పోలేదు. నీ దగ్గరా అంతే, పదో తరగతి రాగానే తల్లిదండ్రులు పిల్లాణ్ణి ఆటలోంచి లాగేస్తారు, నిన్ను ఎక్కడికో బదిలీ చేస్తారు. కానీ ఆకాశ్ మిశ్రా ముంబైకి, ఆశిష్ రాయ్, లిస్టన్ మోహన్‌బగాన్‌కి వెళ్లినా, ఆ కాళ్లలో ఉన్నది ఎవడూ వెనక్కి లాక్కోలేదు కదా. కబడ్డీ కూడా మంచి ఆటే, కాదనను. ఇంకో రెండేళ్లు ఇది చేశాక అది చూసుకో.

అత్తయ్య సున్నుండలు చేసింది, వచ్చే శనివారం నువ్వు బాపట్ల వెళ్లేటప్పుడు తెనాలిలో దిగితే చేతికిస్తుంది. పిల్లలకి పంచెయ్యకుండా నువ్వు తినమంటోంది. రెండు బంతులకి డబ్బులు కూడా ఇస్తాను. దిగేటప్పుడు జట్టు పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకురా, ఒక్కొక్కడి ఎదురుగా ఏ కాలో రాయి. గోల్‌కీపరుకి కూడా.

ఇట్లు,
మీ మావయ్య