కారున్న ఇంటికి కొన్ని చిట్కాలు

ఏడాదికోసారో, పదివేల కిలోమీటర్లకోసారో కారును సర్వీసింగ్‌కి ఇచ్చి తెచ్చుకుంటే మన పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. ఈ మధ్యలో టైరులో గాలి తగ్గిందనీ, వెనక సీట్లో అమ్మమ్మ బెల్టు పెట్టుకోలేదనీ, బ్రేకు కింద నీళ్ల సీసా దొర్లిందనీ మెకానిక్‌కి ఎలా తెలుస్తుంది? అవి ఇంట్లోవాళ్ల కంట పడాల్సినవి. డ్రైవింగ్ రానివాళ్లు కూడా వీటిలో సగానికి పైగా చూసుకోవచ్చు.

1. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలక ముందు చూడాలి. డ్రైవరు తలుపు తీస్తే పక్కనున్న స్తంభం మీద ఒక స్టిక్కరు కనిపిస్తుంది. ముందు టైర్లకు ఎంత, వెనక టైర్లకు ఎంత, మనుషులూ సామానూ నిండుగా ఉంటే ఎంత అన్నది దాని మీదే ఉంటుంది. చాలా కార్లకు అది 30 నుంచి 35 పీఎస్ఐ మధ్య. టైరు పక్కన అచ్చువేసిన పెద్ద అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, అంత పట్టించమని దాని అర్థం కాదు. బండి కొంత దూరం తిరిగాక గాలి వేడెక్కి రెండు మూడు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది కాబట్టి చల్లగా ఉన్నప్పటి లెక్కే లెక్క.

ఎండాకాలంలో "వేడికి టైరు పేలుతుంది, గాలి కాస్త తగ్గించండి" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ మాట వినకండి. గాలి తక్కువైన టైరు పక్కలు ప్రతి చుట్టుకూ నలిగి లేస్తుంటాయి. ఆ నలుగుడుకే లోపల వేడి పుడుతుంది. మే నెలలో రామగుండం, రెంటచింతల ఎండల్లో, అయిదుగురిని ఎక్కించుకుని వంద స్పీడులో వెళ్లే కారుకు ఆ వేడి చాలు, టైరు విచ్చిపోవడానికి. నైట్రోజన్ పట్టించినా నెలకోసారి చూడక తప్పదు. స్టెపినీని మర్చిపోకండి. అవసరం పడ్డ రోజు డిక్కీ తెరిస్తే చాలామందికి గాలి లేని స్టెపినీయే దొరుకుతుంది.

2. టైరుకు వయసు ఉంటుంది. పక్కగోడ మీద చిన్న గడిలో నాలుగు అంకెలు వెతకండి. 2321 అని ఉంటే అది 2021లో 23వ వారంలో తయారైందని. తక్కువ తిరిగే కార్ల టైర్లు పైకి కొత్తగానే కనిపిస్తాయి, లోపల రబ్బరు మాత్రం గట్టిపడి బీటలిస్తుంటుంది. ఆరేళ్లు దగ్గరపడితే అరగకపోయినా టైర్ల షాపులో చూపించండి. గాడుల లోపల అక్కడక్కడా చిన్న దిమ్మలు ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. పైరబ్బరు అరిగి ఆ దిమ్మలతో సమానమైందంటే ఇక వానరోడ్డు మీద అది పట్టు నిలుపుకోలేదు. టైరు పక్కన ఎక్కడైనా బుడిపె లేస్తే ఆ టైరుతో ఊరు దాటొద్దు.

3. డ్రైవరు కాళ్ల దగ్గర ఏమీ ఉండకూడదు. సీటు కింద పెట్టిన లీటరు నీళ్ల సీసా గట్టిగా బ్రేకు వేయగానే ముందుకు దొర్లి పెడల్ కింద ఇరుక్కుంటుంది. ఆ తర్వాత ఎంత తొక్కినా పెడల్ సీసా దగ్గరే ఆగిపోతుంది. మ్యాటు మీద మ్యాటు వేసినా ఇదే ప్రమాదం. పైది జారి యాక్సిలరేటర్ మీద ఎక్కి కూర్చుంటుంది. మ్యాటు ఒక్కటే వేసి, కింద ఉండే కొక్కేలకు తగిలించండి. హవాయి చెప్పులతో నడపకండి.

4. బెల్టు వెనక సీటుకూ ఉంది. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న కారు వంతెన గోడను గుద్దింది. ముందు సీట్లలోని ఇద్దరూ గాయాలతో బతికారు. వెనక బెల్టు లేకుండా కూర్చున్న ఇద్దరూ చనిపోయారు. మన దగ్గర 2018 ఆగస్టులో నల్గొండ జిల్లా అన్నెపర్తి వద్ద నందమూరి హరికృష్ణను పోగొట్టుకున్నాం. తెల్లవారుజామున తనే కారు నడుపుకుంటూ వెళ్తున్న ఆయన బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. వెనకున్న మనిషికి బెల్టు లేకపోతే గుద్దుకున్న క్షణంలో అతని బరువంతా ముందు సీట్లోవాళ్ల వీపు మీద పడుతుంది. అందుకే ఇది ఒక్కరి ఇష్టానికి వదిలేసే సంగతి కాదు. చట్టం ప్రకారం జరిమానా వెయ్యి రూపాయలు.

పట్టుచీర నలుగుతుందని బెల్టు వద్దనే పెద్దవాళ్లను ఓపిగ్గా ఒప్పించండి. గర్భిణులు బెల్టు మానకూడదు. కింది పట్టీని పొట్ట మీదుగా కాకుండా పొట్ట కింద, తొడల పైన ఆనేలా పెట్టుకుని, పై పట్టీని రొమ్ముల మధ్య నుంచి తీసుకోవాలి. పసిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం మాత్రం అస్సలు వద్దు. ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటు కన్నా వేగంగా విచ్చుకుంటుంది, ఆ దెబ్బను బిడ్డ తట్టుకోలేదు. బెల్టు అలారం మోగకుండా గుచ్చే ఉత్తుత్తి క్లిప్పులు మీ కారులో ఉంటే ఈరోజే తీసి పారేయండి.

5. ఇంటి ముందు ఆపిన కారుకు తాళం వేయండి, అయిదు నిమిషాల పనైనా సరే. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆడుకుంటూ కారులోకి ఎక్కిన నలుగురు పిల్లలు తలుపులు తెరుచుకోక లోపలే ప్రాణాలు వదిలారు.  ఎండలో నిలిపిన కారులో పది నిమిషాలకే వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది. పిల్లల ఒంటికి ఆ వేడి పెద్దవాళ్లకన్నా త్వరగా ఎక్కుతుంది.

తాళంచెవి పిల్లలకు అందని చోట పెట్టండి. ఒక సాయంత్రం పిల్లల్ని కారులో కూర్చోబెట్టి మూడు పనులు చేయించండి. లోపలి హ్యాండిల్ లాగి తలుపు తీయడం, వెనక తలుపులకు చైల్డ్ లాక్ ఉంటే ముందు సీటులోకి దూకడం, హారన్ విడవకుండా నొక్కడం. చాలా కార్లలో తాళం తిప్పకపోయినా హారన్ మోగుతుంది. మీ కారులో మోగుతుందో లేదో ముందుగా మీరే నొక్కి చూసుకోండి. పిల్లలు కనిపించడం లేదంటే బావి, నీళ్ల సంపుతో పాటు కార్లూ, డిక్కీలూ మొదటే వెతకాలి.

6. ఆదివారం ఒకసారి బానెట్ ఎత్తండి. బండి చదునైన నేల మీద ఉండి, ఇంజన్ ఆపి కొన్ని నిమిషాలైనాక ఆయిల్ పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీయండి. నూనె రెండు గుర్తుల మధ్య ఉంటే చాలు. పై గుర్తు దాటి పోయడం కూడా చెరుపే. కూలెంట్ డబ్బా పారదర్శకంగా ఉంటుంది కాబట్టి మూత తీయనక్కర్లేదు, బయటి నుంచే గీత చూడండి. వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీస్తే మరుగుతున్న నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తూ పోతే లోపల ఉప్పు పేరుకుని దారులు మూసుకుపోతాయి. దారిలో గతిలేక మంచినీళ్లు పోసినా, ఊరు చేరగానే కడిగించి సరైన కూలెంట్ పోయించాలి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండి తిరిగినా తిరగకపోయినా దాన్ని రెండేళ్లకోసారి మార్పించడం మంచిది. మట్టం ఉన్నట్టుండి తగ్గిందంటే పైన పోసి ఊరుకోకుండా మెకానిక్‌కి చూపించండి.

7. ఎలుకలు. వారం పాటు కదలని కారు బానెట్ కింద ఎలుక కాపురం పెట్టిందంటే వైర్లు కొరికేస్తుంది. పొగాకు కాడలు, కలరా ఉండలు గుడ్డలో కట్టి పెడతారు కొందరు. వాటి వాసన కొన్నాళ్లే. కలరా ఉండల వాసన ఏసీలోంచి లోపలికీ వస్తుంది. రెండు రోజులకోసారి బండి కదపడం, చెత్తకుండీ పక్కన ఆపకపోవడం, కారులో తిండి మిగల్చకపోవడం ఎక్కువ పనిచేస్తాయి. ఊరెళ్లి వచ్చాక స్టార్ట్ చేసే ముందు బానెట్ ఎత్తి చూడండి.

8. డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగితే ఆగాలి, పసుపు దీపమైతే వీలైనంత త్వరగా చూపించాలి. నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అనుకోకండి. ఆ రెండు కిలోమీటర్లలోనే ఇంజన్ పట్టేస్తుంది.

9. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు గేరులోనే దిగండి. ఏ గేరులో ఎక్కే వాలో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పేది అక్షరాలా నిజం. రెండో గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మీద అప్పుడప్పుడూ కాలు వేస్తే చాలు. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్ చేసి దొర్లిస్తే బరువంతా బ్రేకుల మీద పడుతుంది. కాసేపటికి కాలిన వాసన, ఆ తర్వాత పెడల్ మెత్తబడటం, ఆపైన ఎంత తొక్కినా బండి ఆగకపోవడం, ఈ మూడూ వరసగా వస్తాయి. వాసన దగ్గరే ఆగిపోవాలి. రోడ్డు వెడల్పున్న చోట ఆపి అరగంట చల్లారనివ్వండి. వేడి డిస్కుల మీద నీళ్లు పోయకండి, వంకరపోతాయి. పెడల్ మెత్తబడే దాకా వెళ్లినవాళ్లు చల్లారాక నడిచినా కింద ఊళ్లో బ్రేకులు చూపించుకునే ముందుకు కదలాలి.

తిరుమల ఘాట్‌లో ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు కనీసం పట్టాలని నియమం పెట్టింది అందుకే. శ్రీశైలం, అరకు, మారేడుమిల్లి దారుల్లో అలా గడియారం చూసేవాళ్లుండరు. మనమే చూసుకోవాలి. ఎదురుగా ఎక్కే బండి వస్తుంటే దిగే బండి ఆగి దారి ఇవ్వాలి. మలుపుకు ముందు హారన్, రాత్రైతే డిప్పర్.

10. నీళ్లలోకి దిగేముందు, మనకన్నా ముందు వెళ్లిన బండి ఎంత మునిగిందో చూడండి. చక్రంలో సగానికి మించి నీళ్లుంటే వెనక్కి తిరగడమే. పారే నీరైతే లోతు తక్కువైనా వద్దు. కింద రోడ్డు కొట్టుకుపోయిందో లేదో పైనుంచి కనపడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఆపి ఉంచిన కార్లే నీళ్లలో ఉండిపోయాయి. అలా మునిగిన కారును నీళ్లు తీశాక ఆత్రంగా స్టార్ట్ చేయకూడదు. ఇంజన్‌లో నీరుంటే పిస్టన్ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, కొన్ని వేలతో పోయేది లక్షలకు చేరుతుంది. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి, ఫొటోలు తీసుకుని, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పి లాగించుకెళ్లండి. మునిగాక స్టార్ట్ చేసి పాడుచేసుకున్న ఇంజన్‌కు మామూలు పాలసీ డబ్బివ్వదు. ఇంజన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకున్నారా లేదా అన్నది వానలకు ముందే చూసుకోండి. వైపర్ రబ్బర్లు తొలకరికి ముందే మార్పించండి, ఎండాకాలం వాటిని ఎండబెట్టేస్తుంది. అద్దం లోపల ఆవిరి పడితే చేత్తో తుడవక్కర్లేదు. ఏసీ వేసి గాలిని అద్దం మీదికి తిప్పితే నిమిషంలో పోతుంది.

11. పెళ్లి భోజనాలయ్యాక అర్ధరాత్రి బయల్దేరే అలవాటు మానుకుందాం. రెండు రోజులు నిద్రలేని మనిషి నడుపుతుంటే మిగతా అందరూ వెనక నిద్రపోతుంటారు. తెల్లవారుజామున రెండు నుంచి అయిదు దాకా నిద్ర ముంచుకొచ్చే వేళ. గత రెండు మూడు కిలోమీటర్లు ఎలా వచ్చామో గుర్తు లేదంటే అప్పటికే కునుకు పట్టిందని అర్థం. అద్దం దించడం, పాటలు పెంచడం ఆ నిద్రను ఆపవు. పెట్రోలు బంకులో ఆపి ఇరవై నిమిషాలు పడుకుంటే ఆగుతుంది. ఆంధ్ర పోలీసులు రాత్రిపూట హైవేల మీద డ్రైవర్లను ఆపి ముఖం కడిగిస్తున్నది దీనికోసమే. పక్క సీట్లో కూర్చున్నవాళ్లు మేలుకుని మాట్లాడుతూ ఉండాలి. దీపాల్లేకుండా రోడ్డు పక్కన ఆగిన లారీ మన లైట్లు పడే దాకా కనపడదు కాబట్టి రాత్రి వేగం ఆ వెలుగు పడేంత దూరంలో ఆగగలిగేలా ఉండాలి.

12. కోతల రోజుల్లో రోడ్ల మీద వడ్లు, మొక్కజొన్నలు ఆరబోస్తారు. వాటి చుట్టూ పెట్టే రాళ్లు చీకట్లో కనిపించవు. నూర్పిడికి పరిచిన కంకుల మీద బండి పోనివ్వకండి. గడ్డి కిందికి చుట్టుకుని వేడి సైలెన్సర్‌కు తగిలితే అంటుకుంటుంది. తప్పక దాటాల్సి వస్తే అవతల ఆపి బండి కింద వంగి చూడండి.

13. టైరు మార్చడం ఇంట్లో ఇద్దరికైనా వచ్చి ఉండాలి. ఖాళీ ఉన్న రోజు ఇంటి ముందే ఒకసారి చేసి చూడండి. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి, ఎదుటి మూల చక్రానికి రాయి అడ్డుపెట్టాలి. జాకీ ఎత్తకముందే, చక్రం నేల మీద ఉండగానే, నట్లు అరచుట్టు వదులు చేయాలి. ఎత్తాక చేస్తే చక్రం తిరుగుతుంది, బండి జాకీ మీంచి జారుతుంది. కొత్త చక్రం పెట్టాక నట్లను వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించి, దించాక మళ్లీ గట్టిగా బిగించాలి. జాకీ మీదున్న కారు కింద తల కాదు కదా, చెయ్యి కూడా పెట్టకూడదు. హైవే మీదైతే ముందు హజార్డ్ లైట్లు వేసి, వెనక యాభై మీటర్ల దూరంలో ఎర్ర త్రికోణం పెట్టి, పిల్లల్నీ పెద్దవాళ్లనూ రెయిలింగ్ అవతలికి పంపండి.

14. ముందు బంపర్‌కు ఇనుప గార్డు బిగించకండి. గుద్దుకున్నప్పుడు నలగాల్సిన భాగాన్ని అది నలగనివ్వదు, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడాన్నీ తారుమారు చేయగలదు. 2017లోనే కేంద్రం వద్దంది. సీటు పక్కన ఎయిర్‌బ్యాగులున్న కార్లకు వాటిని మూసేసే సీటు కవర్లు వేయించకండి. ఎండలో ఆపే కారులో లైటర్లు, స్ప్రే డబ్బాలు, పవర్ బ్యాంకులు వదలొద్దు.

15. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు డిజిలాకర్‌లో ఉంచుకోండి, అది చెల్లుతుంది. హైవే మీద సాయానికి 1033, అంబులెన్స్‌కు 108, దేనికైనా 112. ఎవరి బండికి ప్రమాదం జరిగినా ఆగి ఆసుపత్రికి చేర్చండి. చేర్చినవారిని పేరు చెప్పమని, సాక్ష్యానికి రమ్మని బలవంతపెట్టకూడదని మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ కింది నిబంధనలు చెబుతున్నాయి. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం అందించే కేంద్ర పథకం ఉంది. గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ఆ పథకం గురించి అడగండి. ప్రమాదంలో ఫోన్ పగిలిపోవచ్చు, లాక్ తెరుచుకోకపోవచ్చు. అందుకని ఇంటివాళ్ల నంబర్లు రెండు, అందరి బ్లడ్ గ్రూపులు, ఎవరికే మందు పడదో కాగితం మీద రాసి డాష్‌బోర్డు అరలో, బండి కాగితాల పైనే పెట్టండి.