కరెంటు లేని కేబులు కరుస్తుందా?

“మాస్టారూ, ఇంకా కరెంటే ఇవ్వని కేబులు షాకు ఎలా కొడుతుందండీ?” అని మా తరగతిలో ఒకడు అడిగాడు. మంచి ప్రశ్నే!

11,000 వోల్టుల కేబులును కందకంలో పరచి, అతుకులు వేశాక, దాని ఇన్సులేషనును మెగ్గరుతో 5,000 వోల్టుల దగ్గర పరీక్షిస్తారు. పరీక్ష ముగిసింది, మెగ్గరు తీసేశారు. అయినా వెంటనే కేబులు కొనను ముట్టుకుంటే ప్రాణానికే ముప్పు.

ఎందుకంటారా? కేబులును అడ్డంగా కోసి చూడండి. మధ్యలో అల్యూమినియం తీగ, దాని చుట్టూ ప్లాస్టిక్ బంధకం, ఆపైన లోహపు తొడుగు. రెండు లోహాల నడుమ బంధకం ఉంటే అది కండెన్సరే కదా! మీ ఇంటి ఫ్యానులో ఉండేదీ ఇటువంటిదే. కేబులు ఎంత పొడవైతే అంత ఎక్కువ విద్యుదావేశాన్ని దాచుకుంటుంది.

అందుకే పనివారు ఎర్తు తీగ ఉన్న పొడవాటి బంధక కర్రతో ఆ ఆవేశాన్ని భూమిలోకి పంపుతారు. ఇక్కడే ఒక చిత్రముంది. ఒక్కసారి తాకించి కర్ర తీసేస్తే, బంధకంలో ఇంకిన ఆవేశం మెల్లగా బయటికి వచ్చి వోల్టేజి మళ్ళీ తలెత్తుతుంది! కాబట్టి పని పూర్తయ్యేదాకా ఎర్తు అలాగే ఉండాలి.

వరుస కూడా ముఖ్యమే. ఎర్తు తీగను మొదట భూమికి బిగించి, తరువాతే కేబులుకు తాకించాలి. తారుమారైతే చేతికి దగ్గరగా వేలాడే ఆ తీగే కాటు వేస్తుంది. విప్పేటప్పుడు మాత్రం కేబులు వైపు ముందు, భూమి వైపు చివర.