ఇల్లే తొలి బడి

పిల్లలందరూ ఒకే తీరుగా పెరగరు. కొందరు ఏడాదికే నడుస్తారు. కొందరికి మరికొన్ని నెలలు పడుతుంది. ఇది సహజమే. కాని కొందరు పిల్లలకు పుట్టుకతోనో, తర్వాత వచ్చిన జబ్బువల్లనో బుద్ధి ఎదుగుదలలో గాని, కండరాల కదలికలో గాని, మాటలో గాని ఇబ్బంది ఏర్పడుతుంది. ఇట్టి పిల్లలకు ఇతరులకన్న ఎక్కువ సహాయం, ఎక్కువ కాలం కావాలి. వీరిని తమిళనాట 'మాట్రుత్తిరనాళిగళ్' అని, ఆంధ్రప్రదేశ్‌లో 'విభిన్న ప్రతిభావంతులు' అని గౌరవంగా పిలుస్తున్నారు. వీరిని పెంచే తల్లిదండ్రుల శ్రమ ఎట్టిదో ఈ పాఠంలో తెలుసుకుందాం.

బిడ్డకు ఇబ్బంది ఉందని తెలిసిన రోజే తల్లిదండ్రులకు మొదటి పరీక్ష. "తల్లి చేసిన పాపం" అని ఒకరు, "గ్రహణం నాడు బయటికి వచ్చి ఉంటుంది" అని మరొకరు అంటారు. పెదవి చీలి పుట్టడాన్ని మనవాళ్లు 'గ్రహణం మొర్రి' అనడం ఇట్టి నమ్మకంవల్లనే. శాస్త్రం చెప్పేది వేరు. మన శరీరంలోని కణాల్లో సాధారణంగా 46 క్రోమోజోములు ఉంటాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో సాధారణంగా 47 ఉంటాయి. ఈ సంగతిని ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు 1959లో వెల్లడించారు. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టే సమయంలో మెదడుకు ప్రాణవాయువు చాలకపోవడం వంటి కారణాలవల్ల సెరిబ్రల్ పాల్సీ రావచ్చు. అప్పుడు కండరాలు మనిషి చెప్పినట్టు వినవు. వీటిలో తల్లి పాపమూ లేదు, తండ్రి పాపమూ లేదు.

ఇక రోజువారీ పని చూడండి. చొక్కా గుండీ పెట్టుకోవడం మనకు క్షణంలో పని. నేర్చుకోవడం ఆలస్యమయ్యే బిడ్డకు అది పెద్ద పాఠం. అందుచేత ప్రత్యేక విద్య నేర్పే ఉపాధ్యాయులు ఆ పనిని మెట్లుగా విడదీస్తారు: చొక్కా అంచులు రెండూ దగ్గరికి తేవడం, గుండీని వేళ్లతో పట్టుకోవడం, కాజాలో దూర్చడం, అవతలినుండి లాగడం. మొదటి మూడూ తల్లి చేసి, చివరిది మాత్రం బిడ్డచేత చేయిస్తుంది. అది వచ్చాక చివరి రెండూ చేయిస్తుంది. ఇలా వెనుకనుండి ముందుకు నేర్పితే, పని పూర్తిచేసిన సంతోషం ప్రతిసారీ బిడ్డకే దక్కుతుంది. ఒక్క గుండీకి నెలలు పట్టవచ్చు. ఆ నెలలన్నీ తల్లి విసుగు చూపకూడదు.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు పడుకోబెట్టి అన్నం పెట్టరాదు. మెతుకులు ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంది. నిటారుగా కూర్చోబెట్టి, తలకు ఆసరా ఇచ్చి, చిన్న ముద్దలుగా తినిపించాలి. ఒక పూట భోజనానికి చాలాసేపు పడుతుంది. మూర్ఛ వ్యాధి కూడా ఉంటే, వైద్యుడు చెప్పనిదే మందు ఒక్క పూట అయినా మానరాదు. ఇవన్నీ చూసుకోవడానికి ఎందరో తల్లులు ఉద్యోగాలు మానుకుంటారు. ఇంట్లోని అక్కకో, అన్నకో చిన్న వయసులోనే పెద్దరికం వస్తుంది. వారికీ చదువు ఉంది, ఆట ఉంది. ఆ సంగతిని తల్లిదండ్రులు మరవరాదు.

తెలుగునాటికి దూరంగా ఉన్న ఇళ్లలో మరొక చిక్కు ఉంది. కోయంబత్తూరుకు దక్షిణాన ఉన్న పోదనూరు పాత రైల్వే జంక్షన్. ఆ ప్రాంతంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి ఇంట తెలుగు, వీధిలో తమిళం. అట్టి ఇంట మాట ఆలస్యమైన బిడ్డ ఉందనుకోండి. "రెండు భాషలైతే బిడ్డకు గందరగోళం. ఇంట్లో తెలుగు మానండి" అని ఎవరో సలహా ఇస్తారు. తల్లిదండ్రులు భయపడి మానుతారు. కథ చెప్పే అవ్వ నోరు మూతబడుతుంది. లాలిపాట ఆగిపోతుంది. అసలే మాటలు తక్కువైన బిడ్డకు వినే మాటలు కూడా తగ్గిపోతాయి!

ఈ భయానికి ఆధారం లేదు. డౌన్ సిండ్రోమ్, ఆటిజం ఉన్న పిల్లలను గమనించిన పరిశోధకులు, రెండు భాషలు వినడంవల్ల వారి మాట మరింత ఆలస్యం కాదని తేల్చారు. బిడ్డకు కావలసింది ఎక్కువ మాట, ప్రేమతో పలికే మాట. తల్లికి ఏ భాష సహజంగా వస్తుందో ఆ భాషలోనే అది సాధ్యం. అయితే ఒక జాగ్రత్త అవసరం. బిడ్డ 'నీళ్లు' అని అడిగినప్పుడు, తెలుగు రాని టీచరు దానిని మాటగా గుర్తించలేకపోవచ్చు. ఇంట్లో వాడే ముఖ్యమైన మాటలకు తమిళ అర్థాలు రాసి టీచరుకు ఇస్తే ఈ చిక్కు తీరుతుంది. రెండు లిపులూ నేర్చిన విద్యార్థి ఆ ఇంటికి చేయగల మేలు ఇది.

కొందరు తల్లులు తమ బిడ్డకోసం మొదలుపెట్టిన పని దేశానికే దారి చూపింది. ముంబయిలో మిథూ అలూర్ కుమార్తె మాలినికి సెరిబ్రల్ పాల్సీ. అట్టి పిల్లలకు తగిన బడి లేదని గ్రహించి ఆమె 1972లో స్పాస్టిక్స్ సొసైటీని స్థాపించారు. మాలిని చిబ్ లండన్‌లో పై చదువులు చదివారు. ఒక్క వేలితో టైపు చేస్తూ తన జీవితకథను రాసి, 2010లో ప్రచురించారు. మద్రాసులో 1985లో పూనం నటరాజన్ అనే తల్లి ప్రారంభించిన సంస్థ నేడు 'విద్యాసాగర్' పేరుతో నడుస్తోంది. సికిందరాబాదులో 1984లో కేంద్రప్రభుత్వం బుద్ధిమాంద్యంపై జాతీయ సంస్థను నెలకొల్పింది. కోయంబత్తూరుకు ఉత్తరాన, పెరియనాయకన్‌పాళయంలోని రామకృష్ణ మిషన్ విద్యాలయంలో ప్రత్యేక విద్య నేర్పే ఉపాధ్యాయులు తయారవుతున్నారు.

చట్టం కూడా తోడు నిలిచింది. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించగా, 2016 నాటి చట్టం 21 రకాలను గుర్తించింది. దీని ప్రకారం 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుండి 18 ఏళ్లవరకు ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. "మా తర్వాత వీడి గతి ఏమిటి?" అన్నది ప్రతి తల్లినీ తండ్రినీ రాత్రులు నిద్రపోనివ్వని ప్రశ్న. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి సంరక్షకులను నియమించే ఏర్పాటును 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కల్పించింది.

కాని చట్టం గడపవరకే వస్తుంది. లోపలికి రావలసింది ఇరుగుపొరుగు. 'పిచ్చివాడు' అనే మాట మానడం, ఆటలో ఆ బిడ్డకూ చోటివ్వడం, ఒక గంట తోడుండి ఆ తల్లికి కాస్త విశ్రాంతి కల్పించడం డబ్బుతో పనిలేని సాయాలు. ఇల్లు తొలి బడి అయితే, వీధి రెండవ బడి. ఆ బడిలో మనమందరమూ గురువులమే.

పదాలు – అర్థాలు
ఆసరా = ఆధారం
కాజా = గుండీ దూర్చే రంధ్రం
వైకల్యం = అవయవాల లేదా బుద్ధి పనితీరులో కొరత
సంరక్షకుడు = బాగోగులు చూసే బాధ్యత గలవాడు

ప్రశ్నలు
1. గుండీ పెట్టడం చివరి మెట్టునుండి నేర్పడంలో ఉన్న మేలు ఏమిటి?
2. ఇంట్లో తెలుగు మానితే మాట ఆలస్యమైన బిడ్డకు కలిగే నష్టం ఏమిటి?
3. మిథూ అలూర్ చేసిన కృషిని సొంతమాటల్లో రాయండి.
4. "చట్టం గడపవరకే వస్తుంది." దీని భావాన్ని వివరించండి.

చేయండి
మీ ఇంట్లో రోజూ వాడే ఇరవై తెలుగు మాటలు రాసి, వాటికెదురుగా తమిళ మాటలు రాయండి.