మామూలు మంగళవారం కోసం ఒక తలుపు

ఇంటి వెనక ఖాళీ జాగాలో ఇంకో హాలు వేద్దామనుకున్నారు. పునాది లేచింది, గోడలు భుజాల ఎత్తు వచ్చాయి. పెరటి వైపు పన్నెండు అడుగుల వెడల్పు వదిలారు. పని అక్కడ ఆగింది. పక్కకు జరిపే స్లైడింగ్ తలుపు పెట్టాలా, మడిచి గోడకు చేర్చే మడత తలుపు పెట్టాలా? కొడుకు ఫోన్‌లో మడత తలుపుల వీడియోలు చూపిస్తున్నాడు. కోడలికి స్లైడింగే నచ్చింది. బాపు మాత్రం టేకు తలుపు తప్ప మరోటి తలుపే కాదంటున్నాడు. "ఏదో ఒకటి జెప్పుండ్రి సార్, బీమ్ పొయ్యాలె" అని మేస్త్రి రోజూ అడుగుతున్నాడు. ఆకాశంలో మబ్బులు కనిపిస్తున్నాయి.

కాగజ్‌నగర్‌లో ఇలా ఆగిన పనులు చూస్తుంటే నాకు బాధ కలుగుతుంది. డబ్బు ఉంది, మనిషి ఉన్నాడు, సిమెంటు బస్తాలు గడ్డకడుతున్నాయి. లేనిదల్లా ఒక్క నిర్ణయం. తలుపు విషయంలో తేల్చుకోలేని మనిషి చదువు, పెళ్లి, ఉద్యోగం విషయంలోనూ ఇలాగే ఆగిపోతాడు. అందుకే ఈ చిన్న ఎంపికను సరిగ్గా చేయడం నేర్చుకుంటే పెద్దవాటికీ అది పనికొస్తుంది.

మనలో చాలామంది చేసే తప్పు ఒకటే. పండుగ రోజును ఊహించుకుని కొంటాం. బతుకమ్మ నాడు ఆడబిడ్డలందరూ వస్తారు, తలుపులన్నీ మడిచేస్తే హాలూ పెరడూ ఒకటైపోతాయి, యాభైమంది కూర్చోవచ్చు. ఊహ బాగుంది, అబద్ధమూ కాదు. కానీ అలాంటి రోజులు ఏడాదికి ఎన్ని? పదో, పదిహేనో. మిగిలిన మూడువందల యాభై రోజులూ ఆ తలుపుతోనే బతకాలి. కాబట్టి ఒక మామూలు మంగళవారాన్ని తీసుకుని, పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ తలుపు దగ్గర ఏం జరుగుతుందో రాసుకోండి.

పొద్దున ఐదింటికి పెరడు ఊడవడానికి ఒకరు బయటికి పోతారు. వాళ్లకు పన్నెండు అడుగులు అక్కర్లేదు, రెండున్నర అడుగులు చాలు. తర్వాత బట్టలు ఆరేయడానికి ఇద్దరు ముగ్గురు తిరుగుతారు. పది గంటలకు కోతుల గుంపు వస్తుంది. ఉత్తర తెలంగాణలో ఇల్లు కట్టేవాళ్లు కోతిని లెక్కలోకి తీసుకోకపోతే ఆ లెక్క తప్పినట్టే. వెడల్పుగా తెరిచిన తలుపు వాటికి వంటింటి దాకా దారి. మధ్యాహ్నం కూలర్ నడుస్తుంది. కూలర్ చల్లగా కొట్టాలంటే లోపలి గాలి బయటికి పోవడానికి ఎక్కడో జానెడు సందు ఉండాలి. సాయంత్రం ఆరు దాటితే దోమలు, కాబట్టి జాలి కావాలి. రాత్రి గడియ పడాలి, చీకట్లో కూడా ముసలమ్మ వేయగలిగేలా ఉండాలి.

ఈ కాగితం రాసేసరికి సగం జవాబు వచ్చేస్తుంది. జానెడు సందు ఉంచడం స్లైడింగ్‌కు చాలా తేలిక. ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుంది, గాలికి కొట్టుకోదు. మూడు పట్టాల ఫ్రేము తీసుకుంటే రెండు పట్టాల మీద అద్దాలు, మూడోదాని మీద జాలి నడుస్తాయి. కోతి, దోమ రెండూ బయటే ఉండాలనుకుంటే అల్యూమినియం నెట్ కాకుండా గట్టి స్టీల్ జాలి అడగండి. మడత తలుపుకు అలా జాలి జోడించడం కష్టం. విడిగా ముడతలు పడే తెరలాంటి జాలి కొనాలి, దాన్ని కోతి ఒక్క గుంజుకు చింపుతుంది.

అలాగని మడత తలుపును తక్కువ చేయను. అది మనకు కొత్తదీ కాదు. పాత బజార్లలో దుకాణాల చెక్క తలుపులు మడిచి పక్కకు చేర్చేవాళ్లు, బ్యాంకుల ముందున్న చానెల్ గేటు కూడా మడతలు పడేదే. పన్నెండు అడుగుల జాగాలో మడత తలుపు దాదాపు పదిన్నర అడుగులు తెరుచుకుంటుంది. రెండు అద్దాల స్లైడింగ్ సగమే, అంటే సుమారు ఆరడుగులు. తలుపు ముందు లోతైన వరండా ఉండి, తూర్పో ఉత్తరమో చూస్తూ, ఇంట్లో తరచూ జనం కూడే పనులు ఉంటే మడత తలుపు ఆ ఇంటికి నిజంగా అందం, సౌకర్యం.

కాకపోతే దాని ఖరీదు తలుపు దగ్గర ఆగదు. లెక్క చూడండి. అద్దం బరువు చదరపు మీటరుకు, ఒక్కో మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు. పన్నెండు అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు అంటే దాదాపు 7.8 చదరపు మీటర్లు. ఆరు మిల్లీమీటర్ల అద్దం వేసినా అద్దమొక్కటే 117 కిలోల దాకా తూగుతుంది, ఫ్రేము బరువు వేరు. స్లైడింగ్‌లో ఆ బరువును కింది పట్టా మోస్తుంది. పైనుంచి వేలాడే మడత తలుపులో అదంతా బీమ్ మీద పడుతుంది. ఆ బీమ్ కాలక్రమంలో కొన్ని మిల్లీమీటర్లు వంగినా తలుపు పట్టేస్తుంది. పైన రేకులే కదా అని సన్నటి లింటెల్ పోసినచోట వేలాడే మడత తలుపు వద్దే వద్దు. పెట్టాలనే ఉంటే బరువు నేల మీద పడే రకం అడగండి, లేదంటే ఇంజినీరుతో బీమ్ లెక్క వేయించండి.

ఇంకా కొన్ని చిన్న విషయాలు చకచకా చెబుతాను. మడిచిన రెక్కలు నిలబడటానికి మూడడుగుల జాగా కావాలి, అక్కడ మంచమో బండో పెట్టలేరు. రెక్కల మధ్య పిల్లల వేళ్లు నలిగే ప్రమాదం ఉంది. రోజూ నడవడానికి ఒక రెక్క విడిగా తెరుచుకునేలా, అంటే మూడు రెక్కలు ఒకవైపు, ఒకటి ఇంకోవైపు మడిచేలా చేయించుకోవాలి. స్లైడింగ్‌కూ లోపాలున్నాయి. పట్టాలో దుమ్ము చేరుతుంది, వారానికోసారి ఊడవాల్సిందే. రోలర్లు అరుగుతాయి. అంచులకు బ్రష్‌లాంటి అతుకులు ఉండటం వల్ల గాలి, చప్పుడు కొంత లోపలికి వస్తాయి. కాజీపేట–బల్లార్ష లైను పక్కన ఇల్లున్నవాళ్లు రాత్రి గూడ్సు బండ్ల మోత గుర్తుపెట్టుకుని, అతుకుల నాణ్యత చేత్తో తడిమి చూసి మరీ కొనాలి. తలుపును బయటి నుంచి పైకెత్తి పట్టా లోంచి తీయకుండా అడ్డు పెట్టారో లేదో కూడా అడగండి.

అసలు సంగతి ఎండ. దీని దగ్గర తొందరపడొద్దు. మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలు కొత్త కాదు. డిసెంబరు, జనవరిలో రాష్ట్రంలోనే అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే జిల్లాల్లో కుమురం భీం ఆసిఫాబాద్ ఒకటి. తిర్యాణి, సిర్పూర్ (యూ) పేర్లు చలికాలంలో పేపర్లో చూస్తూనే ఉంటాం. ఇంత ఎండ, ఇంత చలి ఉన్నచోట పన్నెండు అడుగుల అద్దం పెట్టడమంటే గోడలో అంత మేర కాపుదల తీసేయడమే. మామూలు తెల్లద్దం తనమీద పడ్డ సూర్యుడి వేడిలో నాలుగింట మూడు వంతులకు పైగా లోపలికి వదిలేస్తుంది. తలుపు జరిగినా, మడిచినా ఈ వేడిలో తేడా ఉండదు. తేడా తెచ్చేవి మూడు: దిక్కు, సజ్జ, అద్దం రకం. పడమటి వైపైతే సాయంత్రపు ఎండ ఏటవాలుగా నేరుగా లోపలికి వస్తుంది, నైరుతి వాన కూడా దాదాపు అటునుంచే కొడుతుంది. అక్కడ రెండడుగుల సజ్జ చాలదు, కనీసం నాలుగైదు అడుగుల వరండా కావాలి. దానికి డబ్బు లేకపోతే అద్దం తగ్గించండి. అల్యూమినియం వేడిని త్వరగా లోపలికి మోస్తుంది, యూపీవీసీ అంతగా మోయదు. పడమటి గోడకు యూపీవీసీ మేలు. ఏదైనా టఫెన్డ్ గ్లాసే తీసుకోండి. అది మామూలు అద్దం కన్నా నాలుగైదు రెట్లు గట్టిది, పగిలినా కత్తుల్లాంటి పెంకులు కాక చిన్న మొద్దు ముక్కలవుతుంది. ఒకసారి తయారయ్యాక దాన్ని కోయడం కుదరదు కాబట్టి, గోడ ప్లాస్టరింగ్ పూర్తయ్యాకే చివరి కొలత తీయించండి.

ఇక్కడ నిర్ణయాల గురించి ఒక మాట. 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న హెర్బర్ట్ సైమన్ మనుషులు ఎలా ఎంచుకుంటారో జీవితమంతా పరిశీలించాడు. అన్నిటికన్నా గొప్పదాన్ని వెతకడం మనిషికి సాధ్యం కాదని, నాకు ఇవి ఉంటే చాలని ముందే గీత గీసుకుని, ఆ గీతను అందుకున్న దాన్ని తీసుకోవడమే తెలివైన పద్ధతని ఆయన చెప్పినదాని సారాంశం. మన తలుపుకు ఈ పద్ధతి అతికినట్టు సరిపోతుంది. జాలి ఉండాలి, ముసలమ్మ ఒంటి చేత్తో తెరవగలగాలి, వాన నీళ్లు లోపలికి రాకూడదు, ఇంత సొమ్ము దాటకూడదు. ఈ నాలుగూ రాసుకున్నాక వీడియోలు చూడటం ఆపేయండి. యాభై తలుపులు చూసినవాడికి దొరికేది మంచి తలుపు కాదు, ఎప్పటికీ తీరని అసంతృప్తి.

ఇంకో తేడా తెలుసుకోండి. కొన్ని నిర్ణయాలు మార్చుకోగలం, కొన్ని మార్చుకోలేం. తలుపును పదేళ్ల తర్వాత తీసి ఇంకోటి పెట్టొచ్చు. కంత వెడల్పు, దిక్కు, బీమ్ బలం, నేల వాలు మార్చలేం. మనం మాత్రం మారే తలుపు గురించి నెలలు గొడవపడి, మారని బీమ్‌ను మేస్త్రి ఇష్టానికి వదిలేస్తాం. మీ ఆలోచనలో ముప్పావు వంతు మారని వాటికి ఇవ్వండి. నేల వాలు బయటికి ఉండాలి. పట్టాలో పడ్డ నీళ్లు పోవడానికి ఫ్రేముకు రంధ్రాలుంటాయి, వాటిని సిమెంటుతో మూసేయకుండా పక్కన నిలబడి చూసుకోండి.

డబ్బు సంగతి ఈ ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు. సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి, 2018లో జేకే పేపర్ చేతికి వెళ్లేదాకా జీతాల్లేని ఇళ్లు ఎలా గడిచాయో కాగజ్‌నగర్ చూసింది. గోడలో పెట్టిన రూపాయి కష్టకాలంలో తిరిగి చేతికి రాదు. అందుకని తలుపు కోసం అప్పు చేయొద్దని గట్టిగా చెబుతాను. కొనే ముందు దుకాణదారును ఒక ప్రశ్న అడగండి: రెండేళ్లకు ఇది పట్టేస్తే బాగుచేయడానికి ఎవరు, ఎక్కడి నుంచి వస్తారు? మంచిర్యాల నుంచి అంటే సరే. హైదరాబాద్ నుంచి అంటే రైల్లోనే దాదాపు 300 కిలోమీటర్లు. ఒక కబ్జా కోసం అంత దూరం నుంచి ఎవరూ సమయానికి రారు. మడత తలుపుకు కబ్జాలు, అతుకులు ఎక్కువ కాబట్టి ఈ ప్రశ్న దానికి ఇంకా ముఖ్యం.

బాపు మాటను కూడా కొట్టిపారేయొద్దు. స్లైడింగా, మడతా అని అడిగినవాళ్లు మన ముందు రెండు దారులే పెట్టారు. మూడోది కూడా ఉంది. పన్నెండు అడుగుల కంతను కట్టేసి, నాలుగడుగుల టేకు జంట రెక్కల తలుపు, దాని పక్కన జాలితో ఒక వెడల్పాటి కిటికీ. పడమటి గోడకు, చిన్న బడ్జెట్‌కు చాలాసార్లు ఇదే సరైన జవాబు. చెడిపోతే మన వీధి వడ్లాయనే వచ్చి చేస్తాడు. కలప మాత్రం రసీదు ఉన్నదే కొనండి. తడోబా నుంచి పులులు నడిచి వచ్చే అడవి మనది. దొంగ కలపతో ఇంటికి తలుపు బిగించడం తగదు.

ఇంట్లో అందరినీ అడగండి, కానీ అందరి మాటకూ ఒకే బరువు ఇవ్వకండి. రోజూ ఎక్కువసార్లు ఆ తలుపు తీసి మూసేది ఎవరో వాళ్ల మాటకే ఎక్కువ విలువ ఉండాలి. చాలా ఇళ్లలో అది ఇల్లాలు. తలుపు కొనడానికి వెళ్లేటప్పుడు మాత్రం ఆమె తప్ప అందరూ బండెక్కుతారు. ఈసారి ఆమెనే తీసుకెళ్లండి. ఆమె చేత్తో తలుపు జరిపించి చూడండి, గడియ వేయించి చూడండి.

నా తీర్పు ఇది. కాగజ్‌నగర్‌లో పెరటి వైపు కొత్త హాలు వేసుకునే సాధారణ కుటుంబానికి మూడు పట్టాల స్లైడింగ్, స్టీల్ జాలి, టఫెన్డ్ గ్లాసు, పైన లోతైన సజ్జ సరిపోతాయి. తూర్పు లేదా ఉత్తరం వైపు వరండా, బలమైన బీమ్, దగ్గర్లో పనివాడు, ఈ మూడూ ఉన్నవాళ్లు మడత తలుపు నిశ్చింతగా పెట్టుకోవచ్చు. పడమటి వైపు వరండా లేని ఇంటికి రెండూ వద్దు, టేకు తలుపే పెట్టండి.

ఈ ఆదివారం ఇంట్లోవాళ్లంతా కూర్చుని మీ మంగళవారం కాగితం రాయండి. సాయంత్రానికి ఒక్క మాట ఖాయం చేసి, సోమవారం పొద్దున మేస్త్రికి చెప్పండి. బీమ్ వానలకు ముందే పడాలి.