గూడు మార్చిన బాల్ పైథాన్ మేత మానితే చేపట్టవలసిన యాజమాన్యం

పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్ పగటివేళ ఎలుకల బొరియలలోనూ చెదపుట్టలలోనూ ముడుచుకొని ఉంటుంది. అందువలన పెంపకంలో చిన్న పెట్టె నుండి విశాలమైన గాజు పెట్టెకు మార్చినపుడు తరచుగా ఆహారం మానివేస్తుంది. దాగే చోటు లేని ఖాళీ స్థలమే ఇందుకు ముఖ్య కారణం.

కనుక పెట్టెను కుదించనవసరం లేదు, మరుగు కల్పించాలి. పాము ఇముడునంత ఇరుకైన గూళ్లను వెచ్చని, చల్లని వైపుల ఒక్కొక్కటి ఉంచాలి. పాత గూటినే వాడితే మరీ మంచిది. వెచ్చని వైపు 31–33, చల్లని వైపు 25–27 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. మూడు గాజు పక్కలను కప్పాలి. వారం రోజులు పామును చేతితో తాకరాదు.

ఆ తరువాత రాత్రివేళ, పాము నడుము మందాన్ని మించని, ఫ్రీజర్ నుండి తీసి పూర్తిగా కరిగించి వెచ్చబరచిన ఎలుకను పొడవాటి పటకారుతో అందించాలి. తినకపోతే తొలగించి, మరల వారం తరువాతనే ప్రయత్నించాలి. ప్రాణమున్న ఎలుకను వదిలితే అది పామునే కొరికి గాయపరచగలదు. బలవంతంగా మింగించడం ఒత్తిడిని మరింత పెంచుతుంది.

ఆరోగ్యమైన పెద్ద పాము అనేక వారాలు ఉపవాసం ఉండగలదు. పిల్లల విషయంలో అంత జాప్యం తగదు. వారం వారం బరువు తూచాలి. 10 శాతం తగ్గినా, శ్వాసలో శబ్దం వినిపించినా పశువైద్యుని సంప్రదించాలి.

ఈ సూచనలు చట్టబద్ధంగా పెంచే బాల్ పైథాన్‌కు మాత్రమే వర్తిస్తాయి. మన కొండచిలువను ఇంట ఉంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.