కుర్చీకీ కొలతలున్నాయి

చొక్కా కుట్టించుకోవాలంటే దర్జీ కొలతలు తీసుకుంటాడు. చెప్పులు కొనేముందు కాలికి తొడిగి నాలుగడుగులు వేసి చూస్తాం. రోజుకు ఎనిమిది గంటలు కూర్చునే కుర్చీని మాత్రం మెత్తగా ఉందనో, అందంగా ఉందనో కొనేస్తాం! ఆఫీసు నుంచి వచ్చిన అమ్మో, నాన్నో నడుము పట్టుకుని కూలబడితే, కారణాల్లో ఆ కుర్చీ కూడా ఒకటి కావచ్చు. అదెలాగో చూద్దాం.

మన వెన్నెముక వెన్నుపూసల వరుస. పూసకూ పూసకూ మధ్య దిండులాంటి బిళ్ళ ఉంటుంది. దీనినే డిస్క్ అంటారు. పక్కనుంచి చూస్తే వెన్నెముక కర్రలా నిటారుగా ఉండదు. నడుము దగ్గర ముందుకు వంపు తిరిగి ఉంటుంది. వంగి కూర్చుంటే ఆ వంపు పోయి, డిస్కుల మీద ఒత్తిడి పెరుగుతుంది.

ఎంత పెరుగుతుంది? జర్మనీలోని ఉల్మ్ నగరంలో విల్కె అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఒక వ్యక్తి నడుము డిస్కులో సన్నని పరికరం అమర్చి పీడనాన్ని కొలిచారు. ఫలితాలను 1999లో ప్రకటించారు. నిలబడినప్పుడు 0.5 మెగాపాస్కల్ ఉంది. బాగా ముందుకు వంగి కూర్చుంటే 0.83కు పెరిగింది. కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంటే సుమారు 0.3కు తగ్గింది. ఇవి ఒక్కరి కొలతలే కనుక అందరిలోనూ ఇవే అంకెలు రావు. కాని వీపుకు ఆనిక ఎందుకు కావాలో వీటినిబట్టి తెలుస్తుంది.

ఇక కుర్చీని పరీక్షిద్దాం.

ఎత్తు: పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. కాళ్ళు వేలాడితే వాటి బరువు వల్ల తొడలు సీటు అంచుకు ఒత్తుకుంటాయి. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేది అని చదువుకున్నారు కదా! అంచు వైశాల్యం తక్కువ కనుక పీడనం ఎక్కువ. కాళ్ళు తిమ్మిరెక్కేది అందుకే.

లోతు: వీపు ఆనించి కూర్చున్నప్పుడు సీటు అంచుకూ మోకాలి వెనక మడతకూ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టాలి. సీటు మరీ లోతైతే వీపు వెనక్కి ఆనదు.

ఆనిక: కుర్చీ వెనకభాగం నడుము వంపును నింపాలి. అక్కడ ఖాళీ ఉంటే మడిచిన తువ్వాలు పెట్టి చూడండి.

చేతులు: భుజాలు పైకి లేవకుండా మోచేతులు ఆనాలి.

ఈ నాలుగూ సరిపోయినా గంటల తరబడి కదలకుండా కూర్చోకూడదు. పెద్దవారి డిస్కుల లోపలికి రక్తనాళాలు వెళ్ళవు. పోషక పదార్థాలు చుట్టుపక్కల నుంచి మెల్లగా వ్యాపనం చెందుతూ చేరాలి. దీనికి శరీరం కదలడం తోడ్పడుతుంది. అందుకని అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం మంచిది.

చేసి చూడండి: ఇంట్లో ప్రతి ఒక్కరికీ నేల నుంచి మోకాలి వెనక మడత వరకు ఎంత ఎత్తుందో టేపుతో కొలవండి. కుర్చీ ఎత్తు కూడా కొలిచి పక్కపక్కనే రాయండి. కుర్చీయే ఎత్తుగా ఉన్నవారి పాదాల కింద పీట వేయండి. మీ కొలత మాత్రం ఆరు నెలల తర్వాత మళ్ళీ తీసుకోండి. మీరింకా పెరుగుతున్నారు, కుర్చీ పెరగదు కదా!